పాచికి పస్తు

పాచి కనిపిస్తే పళ్ల డాక్టరుగారికి ఒళ్లు తెలియదు. ఆ పాచి మనిషి పంటి మీదుందా, ఇంట్లో చేపల తొట్టిలో రాయి మీదుందా అన్న తేడా ఆయనకు లేదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఇంటి ముందు గదిలో కూర్చుని జనం పళ్ల పాచి గీకేవారు. ఆరు కొట్టగానే చేతులు కడుక్కుని హాల్లోకి వచ్చి, ఉప్పునీళ్ల తొట్టి ముందు ముక్కాలిపీట వేసుకుని, రాళ్ల పాచి గీకేవారు. మొదటి పనికి దండాలు అందుకునేవారు, రెండో పనికి భార్య చేత తిట్లు తినేవారు. వీధి వీధంతా ఆయన్ను పాచి డాక్టరు అనేది. అది ఎగతాళి అని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. బిరుదు అనుకునేవారు.

పాచి పుట్టుక గురించి ఆయనకొక సిద్ధాంతం ఉండేది. "పాచికి కావలసినవి రెండేనోయ్. ఒకటి వెలుతురు, రెండు తిండి. ఆ రెండూ తగ్గించావా, పాచి పరార్!" అక్కడితో ఆగితే బాగుండేది. లోకంలో ఏది చెడిపోయినా ఆయన ఆ రెండింటికే ముడిపెట్టేవారు. పక్కింటావిడ వచ్చి, మావాడు లెక్కల్లో తప్పాడండీ అని ఏడిస్తే, "వాడి గదిలో వెలుతురు ఎక్కువా, కంచంలో తిండి ఎక్కువా?" అని అడిగారు. ఆవిడ ఏడుపు ఆపి, వెళ్లి వాళ్లాయనతో, డాక్టరుగారికి ఒంట్లో బాగున్నట్టు లేదని చెప్పింది.

ఆయన బావమరిది లిఫ్టు మెకానిక్కు. కొత్తగా కట్టిన ఏడంతస్తుల భవనంలో లిఫ్టు బిగించి రమ్మని కంపెనీ అతణ్ణి నెల రోజుల పని మీద పంపింది. అక్క ఇల్లుండగా లాడ్జీ ఎందుకనుకుని, పెట్టె పట్టుకుని తిన్నగా ఈ ఇంటికే వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, పెటపెటలాడే ఎండ. తలుపు తోసుకుని హాల్లో కాలు పెడితే లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. మొదటి అడుగుకు కుర్చీ తగిలింది. రెండో అడుగుకు బల్ల తగిలింది. మూడో అడుగుకు మెత్తగా ఏదో తగిలి, "అమ్మో!" అంది.

"అక్కా! నువ్వా?"

"నేనేరా. ముందు నా పాదం మీంచి కాలు తియ్యి."

"కరెంటు పోయిందా?"

"కరెంటుకేం, నిక్షేపంలా ఉంది. మీ బావ తొట్టి దీపంతో సహా అన్నీ ఆర్పేసి పాచిని పస్తు పెడుతున్నారు."

"ఎవర్నీ?"

"పాచినిరా, పాచిని! మూడు రోజులు వెలుతురు సోకకపోతే చస్తుందట. ఈలోగా మనం చావకుండా బయటపడితే అదే పదివేలు."

చీకట్లో ఏ మూలనుంచో గొంతు వినబడింది. "ఏమోయ్ బావమరిదీ, కులాసానా? ముందా తలుపు మూసెయ్యి! వెలుతురంతా లోపలికి వచ్చేస్తోంది!"

అతను తలుపు మూశాడు. దారి చూసుకుందామని జేబులోంచి ఫోను తీసి వెలిగించాడో లేదో, బావగారు ఎక్కణ్ణుంచి దూకారో గానీ తువ్వాలు తెచ్చి ఫోను మీదా, దాంతోపాటు అతని ముఖం మీదా కప్పేశారు. ఆ ఒక్క క్షణంలో అతనికి కనబడ్డది ఇంతే: మనిషి పొడవున తొట్టి, దాని చుట్టూ నాలుగు దుప్పట్లు, రెండు రగ్గులు, పైన అక్క కట్టుకునే శాలువా. లోపల ఉన్నది చేపలో, చలిజ్వరం రోగో తెలియకుండా చుట్టబెట్టారు.

ఆ పూట భోజనాలు తడుముకుంటూ సాగాయి. బావమరిది కూర అనుకుని మంచినీళ్ల గ్లాసులో చెయ్యి పెట్టాడు. అక్క వడ్డించిన గరిటెడు కూర అతని కంచంలో కాకుండా ఒళ్లో పడింది.

"ఎంత తిన్నావోయ్?" అన్నారు బావగారు చీకట్లోంచి.

"కనబడితే కదా బావగారూ చెప్పడానికి!"

"అదే మంచిది. కనబడితే ఎక్కువ తింటాం. తిండి ఎక్కువైతేనే..."

"పాచి!" అన్నారు అక్కా తమ్ముడూ ఒక్క గొంతుతో.

మర్నాడు వంటింటి వెనక అరుగు మీద, దొరికిన కాస్త వెలుతుర్లో కూర్చుని అక్క తమ్ముడికి తన గోడు చెప్పుకుంది. ఆవిడ బళ్లో డ్రాయింగు టీచరు. సాయంత్రాలు పన్నెండుమంది పిల్లలు ఇంటికి వచ్చి బొమ్మలు నేర్చుకుంటారు. హాల్లో మూడు నిలువెత్తు కిటికీలున్నాయి. అక్కడ కూర్చోబెట్టి నేర్పాలని ఆవిడ కోరిక. కానీ ఆ కిటికీల మీద ఆరేళ్లుగా నల్లటి పరదాలు. ఎండ పడితే పాచి పడుతుందని డాక్టరుగారు వాటిని తియ్యనివ్వరు. పిల్లలంతా ఈ అరుగు మీదే ఒకళ్ల మోచెయ్యి ఒకళ్ల బొమ్మ మీద పెట్టుకుని గీస్తున్నారు. మొన్నొక పిల్ల ఏనుగు బొమ్మ వేస్తే, పక్కపిల్ల మోచెయ్యి తగిలి దానికి రెండో తొండం వచ్చింది.

"ఊళ్లో ఉప్పునీళ్ల తొట్లు పెంచేవాళ్లకి ఒక సంఘం ఏడ్చిందిరా. మొత్తం ఎనిమిదిమంది. దానికి కళ్లజోళ్ల దుకాణం ఆయన అధ్యక్షుడు. ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి, పాచి బొత్తిగా లేని తొట్టికి ప్రశంసాపత్రం ఇస్తారు. అందరికీ ఇచ్చారు. మీ బావకి మాత్రం ఆరేళ్ల నుంచి ఇవ్వలేదు. ఈసారి నేను గట్టిగా చెప్పేశాను. ఈ నెలాఖరు ఆదివారం వస్తున్నారు. ఇస్తే సరే. ఇవ్వకపోతే తొట్టి సంఘానికి ఇచ్చేయాలి, హాలు నాకు ఇచ్చేయాలి."

"బావగారు ఒప్పుకున్నారా?"

"మందుచీటీ మీద రాసి సంతకం కూడా పెట్టారు. ఆ రాత నాకు ఒక్క ముక్క అర్థం కాలేదనుకో. కాంపౌండరు చదివి చెప్పాడు."

కాంపౌండరంటే ఇరవై రెండేళ్లుగా డాక్టరుగారి దగ్గర పనిచేస్తున్న పెద్దమనిషి. నిండైన విగ్రహం. డాక్టరుగారి రాత చదవగలిగినవాడు భూమ్మీద ఆయనొక్కడే. డాక్టరుగారు కూడా తను రాసింది తనకు అర్థం కాకపోతే ఆయన్నే పిలిచేవారు.

మూడో రోజు సాయంత్రం దుప్పట్లు విప్పారు. డాక్టరుగారు విగ్రహావిష్కరణ చేస్తున్నట్టు ఒక్కొక్కటే మెల్లగా లాగారు. పచ్చగా, జుట్టులా వేలాడిన పాచి వాడిపోయి గోధుమరంగుకు తిరిగింది. "చచ్చింది!" అని ఆయన కేక పెట్టారు. మరుక్షణం బావమరిది చేతిలో ఒక పళ్లబ్రష్షు పెట్టారు. "ఊఁ, తోము!"

"నేను పొద్దున్నే తోముకున్నాను బావగారూ."

"నీ పళ్లు కాదయ్యా, ఆ రాయి! కింది నుంచి పైకి. అడ్డంగా తోమకు, రాయి అరిగిపోతుంది."

ఏడంతస్తుల ఎత్తున ఇనపతాడుకు వేలాడి పనిచేసే మనిషి, మోచేతుల దాకా ఉప్పునీళ్లలో పెట్టి, రెండు గంటలు రాళ్లకు పళ్లు తోమాడు. ఊడిన పాచినంతా గొట్టంతో పీల్చి బకెట్లలోకి లాగారు. తగ్గిన నీళ్ల స్థానంలో, వడకట్టిన నీళ్లలో ఉప్పు కలిపి పోశారు. అలా కలిపిన నీళ్లు ఒక జగ్గుడు మిగిలితే డాక్టరుగారు చల్లగా ఉంటాయని ఫ్రిజ్జులో పెట్టారు. దాహం మీద వచ్చిన బావమరిది ఆ జగ్గు ఎత్తి గటగటా తాగాడు. అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి అతని కళ్లు రెండూ బయటికొచ్చి ఉన్నాయి.

"ఏమైందండీ వీడికి?"

"ఏం లేదే, కాస్త సముద్రం తాగాడు," అన్నారు డాక్టరుగారు. తర్వాత నిజంగా దిగులుపడుతూ, "అయ్యో, ఆ నీళ్లు ఇంకా పరీక్ష చెయ్యలేదోయ్! ఫాస్ఫేటు ఎంతుందో ఏమో!" అన్నారు.

పరీక్ష అంటే, చిన్న గాజుగొట్టంలో తొట్టినీళ్లు పోసి, రెండు చుక్కల మందు వేసి, రంగు ఎంత ముదిరిందో అట్టముక్కతో పోల్చి చూడడం. ఫాస్ఫేటు పాచికి బలం. చేపలు తినగా మిగిలిన మేతలోంచీ, వాటి మలమూత్రాల్లోంచీ అది నీళ్లలో చేరుతుంది. అందుకని ఆయన చేపలకు గుళికలు లెక్కపెట్టి వేసేవారు, చేపకు ఆరు. ఏడో గుళిక పొరపాటున జారిపడితే పళ్లు పీకే శ్రావణం పెట్టి బయటికి తీసేవారు. అదే చూపు భోజనాల దగ్గర బావమరిది కంచం మీద కూడా ఉండేది. మారు వడ్డించమని అడిగే ప్రతిసారీ, బావగారు తననూ గాజుగొట్టంలో పోసి చూస్తారేమోనని అతనికి అనుమానంగా ఉండేది.

ఒకరోజు అతను టీ కప్పు పట్టుకుని ముందు గదిలోకి వెళ్లాడు. కుర్చీలో ప్లీడరుగారు నోరు తెరుచుకుని పడుకుని ఉన్నారు. కోర్టులో ఆయన నోరు మూయించగలిగినవాడు లేడు. ఇక్కడ నోరు బార్లా తెరిచే ఉంది, మాటే లేదు.

"పాచి బాగా పట్టిందండీ," అన్నారు డాక్టరుగారు.

"ఆఁ."

"నీళ్లు ఎన్నాళ్లకోసారి మారుస్తున్నారు?"

"ఆఁ?"

"వారానికోసారైనా పాతిక శాతం మార్చాలి. నత్తలు వేశారా?"

"ఆఁ! ఆఁ!"

"నలభై వెయ్యండి. రాత్రికి రాత్రే శుభ్రం చేసేస్తాయి."

ప్లీడరుగారి గుడ్లు తేలిపోయాయి. కాంపౌండరు వంగి ఆయన చెవిలో, "కంగారుపడకండి బాబూ. మీ నోటి గురించి కాదు. తొట్టిలోకి వెళ్లిపోయారు. కాసేపట్లో వచ్చేస్తారు," అన్నాడు.

నత్తల సంగతి ఉత్తమాట కాదు. తొట్టిలో నిజంగానే నలభై నత్తలుండేవి. ఒక్కో గుల్ల మీదా డాక్టరుగారు భార్య గోళ్లరంగుతో అంకె వేశారు. రోజూ పొద్దున్నే హాజరు తీసుకునేవారు. ఆ రోజు ముప్పై ఏడో నంబరు గైర్హాజరు. ఇల్లంతా గాలించినా దొరకలేదు. చివరకు కుర్చీలోంచి లేచిన ప్లీడరుగారు గుమ్మంలో బూటు తొడుక్కుంటూ గావుకేక పెట్టారు.

"డాక్టరుగారూ! నా బూట్లో ఏదో ఉంది! కదులుతోంది!"

డాక్టరుగారు ఒక్క ఉరుకున వచ్చి బూటు తలకిందులు చేశారు. అరచేతిలో పడ్డదాన్ని చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. "ముప్పై ఏడు! ఎంత దూరం వచ్చావురా!" అని, ప్లీడరుగారి వైపు తిరిగి, "మీ బూటు చీకటిగా, తేమగా చాలా బాగుందండీ. పాచి ఒక్క పిసరు లేదు," అని మెచ్చుకున్నారు.

మూడో వారానికి తొట్టిలో పాచి పూర్తిగా పోయింది. రాళ్లు లేతగులాబీ రంగున బయటపడ్డాయి. గాజు ఉందో లేదో తెలియనట్టయింది. డాక్టరుగారు పళ్లనొప్పితో వచ్చినవాళ్లను కూడా ముందు హాల్లోకి తీసుకెళ్లి తొట్టి చూపించి, ఆ తర్వాతే కుర్చీ ఎక్కించేవారు. దవడ వాచిన మనిషి చెంపకు చెయ్యి ఆనించుకుని, "బాగుందండి, చాలా బాగుంది," అని మూలుగుతూ మెచ్చుకోవలసి వచ్చేది. ఇక పత్రం గోడెక్కినట్టేనని బావమరిది అనుకున్నాడు. హాలు తనకు రానట్టేనని అక్క అనుకుంది.

అలాంటి సమయంలో డాక్టరుగారు దిగులుపడ్డారు. చిత్రమేమిటంటే, పాచి తగ్గినకొద్దీ ఆయన దిగులు పెరిగింది. తొట్టి ముందు పీట వేసుకుని, గీకడానికేమీ లేక, ఒకే మూలకు చూస్తూ కూర్చునేవారు. నోట్లో ముద్ద పెట్టుకుని నమలడం మరిచిపోయేవారు. ఒకనాడు పన్ను పీకించుకోవడానికి వచ్చిన ముసలావిడతో, "కాంపౌండరు సరిగా తినడం లేదమ్మా. పొట్ట వీపుకు అంటుకుపోయింది," అని నిట్టూర్చారు. ఆవిడ మనసు కరిగిపోయింది. మర్నాడు బుట్టెడు పళ్లు తెచ్చి, గుమ్మంలో నిండుకుండలా నిలబడ్డ కాంపౌండరు చేతిలో పెట్టి, "తిను నాయనా, సిగ్గుపడకు," అంది. ఆయన తన పొట్ట వంక ఒకసారి, బుట్ట వంక ఒకసారి చూసుకుని, ఏమీ అర్థం కాక, కూర్చుని బుట్ట ఖాళీ చేశాడు.

ఈలోగా వంటింట్లో జాడీలు మాయం కావడం మొదలుపెట్టాయి. మొదట ఒకటి, ఆపైన మూడు, చూస్తుండగా పదకొండు.

"ఒరేయ్, నా గాజుజాడీలు ఏమవుతున్నాయో చూడరా," అంది అక్క.

సెలవురోజు పొద్దున బావమరిది ఇల్లంతా వెతికి, చివరకు మేడ మీదికి వెళ్లాడు. నీళ్లట్యాంకు వెనక, ఎండ నేరుగా పడేచోట, పదకొండు జాడీలు వరసగా కొలువుతీరి ఉన్నాయి. ప్రతి జాడీలో ఉప్పునీళ్లు, ఒక రాయి. ప్రతి రాయి మీదా పచ్చగా, ఒత్తుగా, నూనె రాసి దువ్వినట్టు నిగనిగలాడే పాచి!

అతను రెండేసి మెట్లు దిగుతూ వచ్చి రొప్పుతూ చెప్పాడు. "అక్కా! కుట్ర! ఎవరో మన మేడ మీద పాచి పెంచుతున్నారు. తనిఖీ రోజున తెచ్చి తొట్టిలో పడేస్తారు. ఆ అధ్యక్షుడి పనే అయ్యుంటుంది!"

"కళ్లజోళ్ల ఆయన మన మేడ ఎక్కడం నేనెప్పుడూ చూళ్లేదే?"

"మారువేషంలో వచ్చుంటాడు!"

మధ్యాహ్నం అక్కా తమ్ముడూ మేడ మీద ఆరేసిన దుప్పటి వెనక నక్కి కూర్చున్నారు. ఒంటిగంటకు మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు కిర్రుమంది. తెల్లకోటు కనబడింది. డాక్టరుగారు! ఆయన అటూ ఇటూ చూసి, ఒక్కో జాడీనీ ఎండ వైపు కాస్త తిప్పి, అన్నింటిలోకీ పచ్చగా ఉన్నదాన్ని ఎత్తి పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకున్నారు.

"ఏమండీ!" అంది అక్క దుప్పటి లాగేసి.

డాక్టరుగారు జాడీని కోటులో దాచుకోబోయారు. సగం నీళ్లు చొక్కా మీద ఒలికాయి.

"ఏమిటది?"

"ఇదా? ఇది... పాచి."

"పాచని కనబడుతూనే ఉంది! పెంచుతున్నారా?"

"కాస్త."

"పదకొండు జాడీలండీ! ఆరేళ్లు నన్ను చీకట్లో కూర్చోబెట్టి, ఇప్పుడు మేడ మీద వ్యవసాయం పెట్టారా?"

డాక్టరుగారు గట్టు మీద కూలబడ్డారు. "నేనేం చెయ్యనే? కాంపౌండరు చిక్కిపోయాడు."

"చిక్కడమా! నిన్న కుర్చీలోంచి లేవలేక నా చెయ్యి పట్టుకున్నాడు," అన్నాడు బావమరిది.

"ఆ కాంపౌండరు కాదోయ్, తొట్టిలోవాడు!"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. తొట్టిలో వేలెడంత పొడవున్న మట్టిరంగు చేప ఒకటుంది. అందం చందం లేదు. ఉబ్బిన కళ్లు, లావు పెదవులు, ఆ పెదవుల వెనక దువ్వెనలాంటి పళ్ల వరస. డాక్టరుగారితో కలిసి పొద్దస్తమానం రాళ్ల పాచి గీకుతుంది కనక ఆయన దానికి కాంపౌండరని పేరు పెట్టుకున్నారు. అది పాచి తప్ప మరొకటి తినదు. తొట్టిలోంచి పాచి పోయిన రోజు నుంచి దానికి పస్తే.

"గుళిక వేస్తే నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తున్నాడు. ఆకుకూర ఉడికించి వేశాను, మొహం తిప్పుకున్నాడు. పక్క నుంచి చూస్తే చేప, ఎదట నుంచి చూస్తే కాగితం. నేను పాచిని పస్తు పెట్టాననుకున్నాను. ఆ పస్తు వాడికి తగిలింది." డాక్టరుగారు జాడీ అంచు తుడిచారు. "అందుకే రోజూ ఈ వేళకు ఒక రాయి తీసుకెళ్లి తొట్టిలో పెడతాను. గంట తిననిచ్చి తీసేస్తాను. ఇంకా నీరసంగానే ఉన్నాడు."

"మరి ఆదివారం సంఘంవాళ్లొస్తే?" అన్నాడు బావమరిది.

"పదకొండింటికి వస్తామన్నారు. పన్నెండుకల్లా వెళ్లిపోతారు. వాడి భోజనం వేళకు అడ్డం రారులే."

ఆదివారం పదకొండయింది. రాలేదు. పన్నెండయింది. రాలేదు. పన్నెండున్నరకు కళ్లజోళ్ల అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులతో దిగారు. దారిలో మరో తొట్టి దగ్గర ఆలస్యమైందట. ఆయన మెడలో ఒక కళ్లజోడు, ముక్కు మీద ఒకటి, జేబులో రెండు. భూతద్దం తీసి మొదటి రాయితో మొదలుపెట్టారు. రాయి రాయికీ ఆగి, "ఊఁ," అన్నారు. గాజుమూలల్లో దూదిపుల్ల పెట్టి తిప్పి, దాన్ని వెలుగులో చూసి, మళ్లీ "ఊఁ," అన్నారు. డాక్టరుగారి నుదుటి మీద చెమట పట్టింది. అక్క చెంగు అంచు మెలిపెడుతూ నిలబడింది.

"డాక్టరుగారూ," అన్నారు అధ్యక్షుడు చివరికి నడుం పట్టుకుని లేస్తూ. "ఒప్పుకోక తప్పదు. మచ్చలేని తొట్టి." సంచిలోంచి ప్రశంసాపత్రం తీసి బల్ల మీద పరిచి కలం మూత తీశారు.

సరిగ్గా అప్పుడే గోడగడియారం ఒంటిగంట కొట్టింది.

తొట్టిలో మట్టిరంగు చేప రాతిసందులోంచి మెల్లగా బయటికొచ్చింది. రోజూ రాయి పెట్టేచోటికి వచ్చి, నేల మీద పొట్ట ఆనించి, నోరు తెరిచి, పైకి చూస్తూ కూర్చుంది. డాక్టరుగారు దాన్ని చూశారు. కలాన్ని చూశారు. మళ్లీ దాన్ని చూశారు.

"రెండే నిమిషాలు బావగారూ. సంతకం అయిపోనివ్వండి," అన్నాడు బావమరిది ఆయన చెవిలో.

డాక్టరుగారు తలూపారు. అలా తలూపుతూనే మెట్ల వైపు నడిచారు. బావమరిది ఆపబోయేలోగా మేడెక్కి, అన్నింటిలోకీ పచ్చటి రాయి ఎత్తి, హాలు పొడుగునా నీళ్లు కార్చుకుంటూ వచ్చి, అధ్యక్షుడి ముక్కు ముందు నుంచి చెయ్యి చాచి, తొట్టిలో ఆ చేప ఎదట పెట్టారు.

చేప ఒక్క గెంతున రాయి మీదికెక్కి గబగబా గీకి తినడం మొదలుపెట్టింది.

"ఇదేమిటండీ!" అన్నారు అధ్యక్షుడు. "పత్రం మీద కలం పెట్టాను! రెండు నిమిషాలు ఆగలేకపోయారా?"

"నేను ఆగగలనండీ," అన్నారు డాక్టరుగారు చేతులు కోటుకు తుడుచుకుంటూ. "వాడే ఆగలేడు."

అధ్యక్షుడు కలానికి మూత పెట్టారు. పత్రం చుట్టి సంచిలో వేసుకున్నారు. "నిబంధన నిబంధనే. తొట్టిలో పాచి ఉంది."

అందరి కళ్లూ అక్క మీదికి తిరిగాయి. ఒప్పందం ప్రకారం ఆవిడ గెలిచింది. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్లి మొదటి పరదా సర్రున లాగేసింది. తర్వాత రెండోది, ఆపైన మూడోది. ఆరేళ్లుగా లోపలికి రాని ఎండ హాలంతా పరుచుకుంది. సోఫా రంగు నీలమని బావమరిదికి అప్పుడే తెలిసింది.

"వెలుతురు! వెలుతురు!" అని డాక్టరుగారు అలవాటు కొద్దీ గాభరాపడ్డారు.

"వెలుతురు లేకపోతే మీ కాంపౌండరుకి తిండెలా పండుతుందండీ?" అంది ఆవిడ. "ఆ మోకాళ్లతో రోజూ మేడ ఎక్కి దిగడమెందుకు? జాడీలన్నీ తెచ్చి ఈ కిటికీల్లో పెట్టుకోండి. నా పిల్లలు మధ్యలో కూర్చుంటారు."

"మరి... తొట్టి?"

"ఉండనివ్వండి. పిల్లలు చూసి గియ్యడానికి ఎదురుగా ఏదో ఒకటి ఉండాలిగా."

డాక్టరుగారు భార్యకు దండం పెట్టబోయి, చేతులకు పాచి అంటుకుని ఉందని మళ్లీ కోటుకు తుడుచుకున్నారు.

ఇద్దరు సభ్యులూ వెళ్లి కారులో కూర్చున్నారు. అధ్యక్షుడు మాత్రం గుమ్మం దాకా వెళ్లి, కళ్లజోడు మరిచిపోయానని వెనక్కి వచ్చారు. కళ్లజోళ్లు నాలుగూ ఆయన ఒంటి మీదే ఉన్నాయి. తొట్టి ముందు వంగి, తింటున్న చేపను చాలాసేపు చూశారు. దాని పొట్ట కాస్త గుండ్రంగా అవుతోంది.

"మా ఇంట్లో కూడా ఇలాంటివాడే ఒకడున్నాడండీ," అన్నారు గొంతు తగ్గించి. "నా తొట్టికి వరసగా అయిదేళ్లు పత్రం వచ్చింది. వాడేమో చిక్కిపోతున్నాడు. మందులు వేశాను, నీళ్లు మార్చాను. ఎందుకో తెలియలేదు. ఆకలని తోచలేదు." సంచి ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకున్నారు. "మీ దగ్గర ఒక జాడీ ఎక్కువుంటే..."

ఆరేళ్లు తనకు పత్రం ఇవ్వని మనిషి. బావగారు ఇప్పుడు నాలుగు దులిపేస్తారని బావమరిది ఎదురుచూశాడు. డాక్టరుగారు ఆ మాట పూర్తి కానివ్వకుండానే మేడెక్కి, మిగిలినవాటిలో నవనవలాడే జాడీలు రెండు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. "ఒకటి తింటుంటే ఒకటి పెరగాలండీ. ఒక్కటి చాలదు." అలవాటు కొద్దీ మందుచీటీ తీసి గిలికిచ్చారు.

అధ్యక్షుడు చీటీని దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు. నాలుగు కళ్లజోళ్లూ మార్చి చూసినా లాభం లేక, డాక్టరుగారు పై వరసలు చదువుతుంటే వెంట చదివారు. "ఎండలో రోజుకు ఎనిమిది గంటలు. వారానికోసారి నీళ్లు. మూత పెట్టరాదు... ఈ చివరి వరస ఏమిటండీ?"

"అదా? అదేం లేదులెండి," అని డాక్టరుగారు చీటీ లాక్కోబోయారు. ఈలోగా అది బావమరిది చేతికి, అక్కణ్ణుంచి అక్క చేతికి వెళ్లింది. ఎవరికీ అంతు చిక్కలేదు. అక్క ముందు గదిలో ఉన్న కాంపౌండర్ని పిలిచింది. ఆయన వచ్చి, గొంతు సవరించుకుని, కోర్టులో తీర్పు చదివినట్టు చదివాడు.

"పాచిని ఒంటరిగా వదలకుండా, రోజూ కాసేపు దగ్గర కూర్చుని కబుర్లు చెప్పవలెను."

డాక్టరుగారి చెవులు రెండూ ఎర్రబడ్డాయి. "అంటే... ఎందుకో తెలియదు గానీ, అలా చేస్తే త్వరగా పెరుగుతోందండీ," అన్నారు నేల చూపులు చూస్తూ.

అక్క నవ్వాపుకోవడానికి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అధ్యక్షుడు నవ్వలేదు. చీటీ జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, రెండు జాడీలనూ చెరో చంకలో ఇరికించుకుని, చాలా గంభీరంగా అడిగారు.

"ఎలాంటి కబుర్లు చెప్పాలండీ?"

డాక్టరుగారు ఆయనకు పీట లాగి వేశారు. "కూర్చోండి, చెప్తాను."